మంటకు చివరి వంతు

ఆగస్టు 4, 2025, సోమవారం

హెడ్డాఫీసు నుంచి పొద్దున్నే మెయిల్ వచ్చింది. మన గ్యాస్ టర్బైన్‌ను అమోనియాతో నడపవచ్చా, ఏమేం మార్చాలి, ఎంతవుతుంది, నెలాఖరులోగా నోట్ రాసి పంపమన్నారు. మధ్యాహ్నం దాకా ఇంకో పని మీద మనసు నిలవలేదు.

గ్యాస్ ఆగిపోయాక ఇక్కడ మా ఉద్యోగమల్లా యంత్రాన్ని కాపాడుకోవడమే. ఇవాళ కూడా బారింగ్ గేర్ వేయించి షాఫ్టు తిప్పించాను. టన్నులకొద్దీ బరువుండే రోటరు కదలకుండా ఒకేచోట ఉండిపోతే తన బరువుకు తానే వంగుతుంది. మళ్లీ స్టార్ట్ చేసిన రోజున ఆ వంపే వైబ్రేషనై బేరింగులు తినేస్తుంది. కంప్రెసర్‌లోకి పొడిగాలి పోతోందో లేదో చూడాలి. సముద్రపు గాలి కదా, ఉప్పుతేమ బ్లేడు మీద కూర్చుంటే గుంటలు పడతాయి. బాయిలర్ గొట్టాల్లో నింపిన నైట్రోజన్ ప్రెషర్ చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. ఇవన్నీ అయ్యాక ఆ పెద్ద హాల్లో వినిపించేది డీహ్యూమిడిఫైయర్ మోత ఒక్కటే.

కృష్ణా గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రం గ్యాస్ 2009 ఏప్రిల్‌లో ఒడ్డుకు చేరింది. గాడిమొగ టెర్మినల్ నుంచి పైపు ఎక్కిన ఆ గ్యాస్ మీద ఆశపెట్టుకుని గోదావరి జిల్లాల్లో ఎన్ని ప్లాంట్లు లేచాయో! 2013 మార్చి నుంచి కరెంటు ప్లాంట్లకు ఆ గ్యాస్ రావడం ఆగిపోయింది. సామర్లకోటలో 2,400 మెగావాట్లకని కట్టిన ప్లాంటుకు గ్యాసే దొరకలేదు. అక్కడి యంత్రాల్లో కొన్ని బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలిపోయాయి. మిగిలినచోట్ల మాలాంటివాళ్లం షాఫ్టులు తిప్పుకుంటూ కూర్చున్నాం.

ఇలాంటి మెయిల్ వస్తే ఆశ పుట్టదా? పుట్టింది. అందుకే ఈ నోట్ జాగ్రత్తగా రాయాలి. నాకు కావలసిన జవాబును లెక్కల్లోంచి లాక్కూడదు.

ఆగస్టు 7, గురువారం

ఇంధనం ఎలాంటిదో ముందు చూద్దాం.

ఒక నైట్రోజన్, మూడు హైడ్రోజన్లు. కార్బన్ లేదు కాబట్టి కాలితే కార్బన్ డయాక్సైడ్ రాదు. సక్రమంగా కాలితే మిగిలేది నైట్రోజన్, నీటి ఆవిరి. మైనస్ 33 డిగ్రీల దగ్గర మామూలు వాతావరణ పీడనంలోనే ద్రవమవుతుంది. గది ఉష్ణోగ్రతలో తొమ్మిది పది బార్ల ఒత్తిడి చాలు. ద్రవ హైడ్రోజన్‌కు మైనస్ 253 డిగ్రీలు కావాలి. హైడ్రోజన్‌ను సముద్రాలు దాటించాలనుకునే ప్రతివాడూ చివరికి అమోనియా దగ్గరికి వచ్చి ఆగుతున్నది ఇందుకే. ఎరువుల కోసం నూరేళ్లకు పైగా తయారుచేస్తున్నారు, ఓడల్లో తిప్పుతున్నారు, ట్యాంకుల్లో నిలవ చేస్తున్నారు. ఆ అనుభవం హైడ్రోజన్‌కు లేదు.

చిక్కంతా మంట దగ్గరే. కిలో అమోనియాలో వేడి 18.6 మెగాజౌళ్లు. మీథేన్‌లో 50. అంటే అంతే వేడికి రెండున్నర రెట్ల పైన బరువున్న ఇంధనం పోయాలి. మన కవాటాలు, పైపులు, నాజిళ్లు ఏవీ దానికి సరిపోవు. పైగా మంట నడక మహా నెమ్మది. మీథేన్ మంట సెకనుకు 37, 38 సెంటీమీటర్లు పాకితే అమోనియా మంట ఏడు సెంటీమీటర్లు పాకుతుంది. అంటుకోవడానికి 650 డిగ్రీలు కావాలి, గాలిలో పాలు 15 నుంచి 28 శాతం మధ్యే ఉండాలి. తడిసిన పచ్చికట్టెలతో పొయ్యి రాజేసిన ఇల్లాలికి ఈ బాధ చెప్పక్కర్లేదు. టర్బైన్ కంబస్టర్‌లోనైతే గాలి ఈదురుగాలిలా వచ్చిపడుతుంది. అంత నెమ్మది మంట అక్కడ నిలవడమే కష్టం, ఒక్కసారి ఎగిరిపోతే యంత్రం ట్రిప్పవుతుంది.

ద్రవంగా చల్లితే ఇంకో ఇబ్బంది. ఆవిరయ్యేటప్పుడు కిలోకు 1.37 మెగాజౌళ్ల వేడి లాగేసుకుంటుంది. ఇచ్చే వేడిలో ఏడు శాతం మంట మొదలయ్యేచోటే పోతుంది. అందుకే చాలామంది ముందు వేపరైజర్‌లో ఆవిరి చేసి పంపుతారు. దానికి వేరే సామాను, వేరే వేడి కావాలి.

ఆగస్టు 10, ఆదివారం

రాత్రి మేనకోడలితో గంటసేపు మాట్లాడాను. సెండాయ్‌లో దహనశాస్త్రంలో పరిశోధన చేస్తోంది. మంటల మీద లేజర్లు వేసి లోపలేం జరుగుతోందో కొలిచే పని.

"మావయ్యా, నువ్వు మంట నిలవడం గురించి బెంగపడకు. అది చాలావరకు దారికొచ్చింది. సుడి తిప్పి గాలి పంపితే నిలుస్తోంది. లేదంటే కొంత అమోనియాను ముందే విరగ్గొట్టి హైడ్రోజన్ కలిపితే ఇంచుమించు మీథేన్‌లాగే కాలుతోంది. పొగలో ఏమొస్తోందన్నదే అసలు గొడవ."

ఆమె చెప్పింది నా మాటల్లో రాసుకుంటున్నాను. మామూలు గ్యాస్ టర్బైన్‌లో నాక్స్, అంటే నైట్రోజన్ ఆక్సైడ్లు, గాలిలోని నైట్రోజన్ నుంచి పుడుతుంది. వేడి తగ్గిస్తే అదీ తగ్గుతుంది. మేమంతా నేర్చుకున్నది ఆ సూత్రమే. అమోనియాలో నైట్రోజన్ ఇంధనంలోనే ఉంది. మంట చల్లబరిచినా నాక్స్ పోదు. కాస్త గాలి ఎక్కువైన మంటలో అయితే వేల పీపీఎంలలో వస్తుంది. అందుకని రెండు అంచెలుగా కాల్చాలి. మొదటి అంచెలో గాలి తక్కువ పెట్టి, అవసరానికి ఒకటి పాయింటు ఒకటో రెండో రెట్లు ఇంధనం పోస్తారు. అక్కడ నాక్స్ పడిపోతుంది. అమోనియాలో కొంత విడిపోయి హైడ్రోజన్ మిగులుతుంది. రెండో అంచెలో గాలి గబుక్కున కలిపి ఆ హైడ్రోజన్‌ను కాలుస్తారు. కలపడంలో ఆలస్యమైతే మళ్లీ నాక్స్. గాలి మరీ తక్కువైతే కాలని అమోనియా చిమ్నీ దాకా వస్తుంది. ఆ రెంటి మధ్యా సందు చాలా ఇరుకు. లోడు మారినప్పుడల్లా, వాతావరణం మారినప్పుడల్లా ఆ సందులోనే నడపాలి. యాభై శాతం లోడులో ఏం చేస్తారమ్మలూ అని అడిగితే "మంచి ప్రశ్న అడిగావు, అక్కడే మాకూ నిద్రపట్టనిది" అంది.

మిగిలిన నాక్స్‌ను చిమ్నీకి ముందు కెటలిస్టు గదిలో శుద్ధి చేయొచ్చు. అక్కడ వాడే మందు కూడా అమోనియాయే కాబట్టి సరుకు చేతిలో ఉన్నట్టే.

ఆ తర్వాత చెప్పిన మాటే నన్ను పట్టుకుంది. నైట్రస్ ఆక్సైడ్. మంట ఒకచోట వేడి తగ్గి నీరసిస్తే, గోడ దగ్గర చల్లబడితే పుడుతుంది. నూరేళ్ల లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు 273 రెట్లు.

ఫోను పెట్టేశాక లెక్క కట్టాను. సహజవాయువుతో నడిచే టర్బైన్ ఎగ్జాస్ట్‌లో కార్బన్ డయాక్సైడ్ సుమారు నాలుగు శాతం, అంటే 40,000 పీపీఎం. రెండు వాయువుల అణుభారమూ 44 కాబట్టి పీపీఎంలను నేరుగా పోల్చవచ్చు. 40,000ను 273తో భాగిస్తే 147. అంటే పొగలో నైట్రస్ ఆక్సైడ్ 150 పీపీఎం ఉంటే చాలు, ఇంత శ్రమా బూడిదలో పోసినట్టే. సహజవాయువు కాల్చినా అంతే వేడి, ఇదీ అంతే వేడి. 15 పీపీఎం ఉన్నా పదో వంతు లాభం పోతుంది. కంటికి కనపడదు, వాసన రాదు. మన చిమ్నీల్లో ఉన్న మీటర్లు దాన్ని కొలవవు.

దీన్ని నోట్‌లో మొదటి పేజీలోనే పెడతాను.

ఆగస్టు 14, గురువారం

అమోనియాతో యంత్రాలు ఎవరెవరు నడిపారో చూశాను. అన్ని దారులూ జపాన్‌కే పోతున్నాయి.

ముందు పాత సంగతులు: రెండో ప్రపంచయుద్ధంలో డీజిల్ దొరక్క బెల్జియంలో బస్సులు అమోనియాతో, కాస్త బొగ్గువాయువు కలిపి నడిపారు. అమెరికా వాళ్ల ఎక్స్-15 రాకెట్ విమానం ఇంజను ద్రవ ఆక్సిజన్‌తో అమోనియాను కాల్చి ఎగిరింది. 1960లలో అమెరికా సైన్యం గ్యాస్ టర్బైన్‌లో కూడా ప్రయత్నించింది. చమురు చవగ్గా దొరుకుతున్నంతకాలం దాని అవసరం ఎవరికీ కనపడలేదు. కాగితాలు అటకెక్కాయి.

తర్వాత ఫుకుషిమా. 2011 ప్రమాదం జరిగిన ఆ రాష్ట్రంలోనే, కోరియామాలో పునరుత్పాదక శక్తి పరిశోధన సంస్థ పెట్టారు. అక్కడ 50 కిలోవాట్ల తరగతి చిన్న టర్బైన్‌ను 2014లో కిరోసిన్‌తో కలిపి, 2015లో ఒక్క అమోనియాతోనే నడిపి 41.8 కిలోవాట్లు తీశారు. మా కంట్రోల్ రూములో ఏసీలకు సరిపోయే కరెంటు. కానీ మొదటిసారి! పొగలో నాక్స్ విపరీతంగా వస్తే కెటలిస్టుతో తగ్గించారు. ఆ ఫొటోలు చూస్తే టర్బైన్ కంటే దాని వెనక కట్టిన శుద్ధి గదే పెద్దగా కనపడింది నాకు.

ఐహెచ్‌ఐ కంపెనీ యోకోహామాలో రెండు మెగావాట్ల యంత్రం మీద పట్టుబట్టింది. 20 శాతం నుంచి మొదలుపెట్టి, 2021లో 70 శాతం, 2022 జూన్‌లో పూర్తిగా ద్రవ అమోనియాతోనే. వేపరైజర్ లేకుండా ద్రవాన్నే కంబస్టర్‌లో చల్లి నిలబెట్టారు. గ్రీన్‌హౌస్ వాయువులు 99 శాతానికి పైగా తగ్గాయని ప్రకటించారు. నైట్రస్ ఆక్సైడ్‌ను కూడా కలిపి చెప్పిన లెక్క అది. అందుకే నాకు గౌరవం కలిగింది. ఇక్కడెవరైనా ప్రకటన ఇస్తే కార్బన్ డయాక్సైడ్ సున్నా అని రాసి ఊరుకుంటారు.

మిత్సుబిషి 40 మెగావాట్ల హెచ్-25 యంత్రానికి చేస్తున్నామని 2021లోనే చెప్పింది. 2024 జనవరిలో ఐహెచ్‌ఐ, జీఈ వెర్నోవా కలిసి పెద్ద ఎఫ్ తరగతి యంత్రాలకు కంబస్టర్ తయారుచేస్తామన్నారు, గడువు 2030. గోదావరి ఒడ్డున ఆగి ఉన్న యంత్రాల్లో ఎఫ్ తరగతివి ఉన్నాయి. మాది కాదు, మాది అంతకన్నా చిన్నది.

బొగ్గు బాయిలర్లలోనూ పోస్తున్నారు. హెకినాన్‌లో జెరా కంపెనీ వెయ్యి మెగావాట్ల యూనిట్‌లో 2024 వేసవిలో 20 శాతం అమోనియా కలిపి నడిపింది. ఏడాది పొడుగునా ఆ 20 శాతానికే 5 లక్షల టన్నులు కావాలి. ఒక్క యూనిట్‌కు! మిగతా 80 శాతం బొగ్గు అలాగే కాలుతుంది. బొగ్గు ప్లాంటు ఆయుష్షు పొడిగించడానికి ఇదొక సాకు అవుతోందని అక్కడి పర్యావరణవాదులు అంటున్నది నాకు సబబుగానే తోస్తోంది. టర్బైన్ సంగతి వేరు. అక్కడ పూర్తిగా అమోనియాతోనే నడుస్తుంది.

జపాన్‌కు ఎందుకు ఇంత పట్టుదల? గ్యాసూ బొగ్గూ దాదాపు మొత్తం ఓడల్లో తెచ్చుకునే దేశం. కొండలే ఎక్కువ, సౌరఫలకాలు పరచడానికి చదునైన నేల తక్కువ. ఓడలో ఏదో ఒక ఇంధనం రాక తప్పనప్పుడు కార్బన్ లేని ఇంధనం రానీ అనుకున్నారు. వాళ్ల ప్రశ్నకు అది సరైన జవాబు. మన ప్రశ్న అదేనా?

ఆగస్టు 19, మంగళవారం

బోరోస్కోపు వేసి చూశాం. మొదటి వరస బ్లేడ్లు బాగున్నాయి. పూత మీద గోధుమరంగు మచ్చ ఒకటుంది, కిందటిసారి ఫొటోలోనూ అదే సైజు. కెమెరా ఇంకాస్త లోపలికి తోసి కంబస్టర్ లైనరు చూస్తుంటే ఫోర్‌మన్ గారు అడిగారు. "ఇవి ఉంచుతారా సార్, తీసేస్తారా?"

తీసేయాలి. కంబస్టర్లు కొత్తవి, పొడుగైనవి కావాలి, ఎందుకంటే నెమ్మది మంట పూర్తికావడానికి ఎక్కువసేపు పడుతుంది. ఇంధన స్కిడ్ మొత్తం మారాలి. ఇత్తడి, రాగి భాగం ఒక్కటి కూడా అమోనియా తగిలేచోట ఉండకూడదు, తేమ తోడైతే తినేస్తుంది. సీళ్లు మారాలి. బాయిలర్ మధ్యలో కెటలిస్టు గది దూర్చాలి. కాలని అమోనియా చల్లారే పొగలో సల్ఫర్‌తో కలిస్తే బాయిలర్ చివరి గొట్టాల మీద ఉప్పులా పేరుకుంటుంది, కాబట్టి సల్ఫర్ ఉన్న ఇంధనంతో స్టార్ట్ చేయకూడదు. కంప్రెసర్, రోటరు, జనరేటరు, ట్రాన్స్‌ఫార్మరు, స్విచ్‌యార్డు ఉంటాయి. పాత ప్లాంటులో ఖరీదైన భాగం మిగులుతుందన్నమాట.

ఫోర్‌మన్ గారు విని, "అయితే నడుస్తుందంటారు" అన్నారు. నడుస్తుందండీ. అందులో నాకు అనుమానం లేదు.

ఆగస్టు 23, శనివారం

కాకినాడ హార్బరు దగ్గరున్న ఒక ఐస్ ఫ్యాక్టరీకి వెళ్లాను. అమోనియా గురించి పుస్తకాల్లో చదివినవాణ్ని, దానితోనే బతుకుతున్న మనిషిని చూడాలనిపించింది.

కంప్రెసర్ గదిలో ఇనప పైపుల మీద వేలెడు మందాన మంచు. గుమ్మం దగ్గర బకెట్లో నీళ్లు, అందులో నానేసిన రెండు తువ్వాళ్లు. ఆపరేటరు పెద్దాయన, ఈ పనిలోనే నెరిసిపోయాడు. లీకు ఎలా కనిపెడతారని అడిగితే అలమరలోంచి గంధకం పూసిన పుల్ల తీసి వెలిగించాడు. పైపు జాయింట్ల వెంట నెమ్మదిగా తిప్పుకుంటూ పోయాడు. ఒక వాల్వు గ్లాండు దగ్గర పుల్ల చుట్టూ తెల్లటి పొగ దట్టంగా లేచింది. నా ముక్కుకు ఏమీ తెలియలేదు. ఆయన స్పానరుతో పావు చుట్టు బిగించి మళ్లీ పుల్ల పెట్టాడు. పొగ రాలేదు.

"ముక్కుని నమ్మకూడదండి. అలవాటైపోయిన ముక్కు ఉద్యోగం చెయ్యదండి."

పెద్ద లీకైతే?

"గాలి ఎటుందో చూసుకుని అడ్డంగా పరిగెత్తాలండి. తడిగుడ్డ మొహానికి. కళ్లు నీళ్లతో కడుగుతానే ఉండాలి. నీళ్లంటే దానికి ప్రాణం, లాగేసుకుంటుందండి. కానీ కింద గుంటలో పడ్డ లిక్విడ్ మీద మాత్రం నీళ్లు కొట్టకూడదండి, ఇంకా పొంగుద్ది."

ఈ పెద్దాయన చెప్పిందంతా భద్రతా పుస్తకాల్లో ఉన్నదే. నీరు తన పరిమాణానికి వందల రెట్ల అమోనియా వాయువును కరిగించుకుంటుంది, అందుకే నీటి తెరలు కడతారు. ద్రవం మీద పోస్తే నీటి వేడికి ఇంకా వేగంగా ఆవిరవుతుంది. పనిచేసేచోట గాలిలో 25 పీపీఎం హద్దు. 300 దగ్గర ప్రాణాపాయం. వాయువు గాలికంటే తేలికే, కానీ ట్యాంకు పగిలి చల్లటి మంచులా వస్తే నేలబారున పాకుతుంది.

ఆ ఫ్యాక్టరీలో ఉన్నది కొద్ది టన్నులు. 200 మెగావాట్ల కంబైన్డ్ సైకిల్ ప్లాంటుకు సగం సామర్థ్యంతో లెక్కేస్తే రోజుకు 1,850 టన్నులు కావాలి. 15 టన్నుల ట్యాంకర్లలో తేవాలంటే రోజుకు 120కి పైనే. రోడ్డు మీద కుదరదు. పైపులైనే వేయాలి.

పైపులైను అనగానే కోనసీమలో ఎవరికైనా గుర్తొచ్చేది ఒకటే. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడిపోయాయి. అమోనియా అంత తేలిగ్గా అంటుకోదు, నిజమే. కానీ ఊపిరాడకుండా చేస్తుంది. మళ్లీ ఒక గొట్టం మీ పొలం కింద నుంచి వేస్తామని ఆ ఊళ్లవాళ్లను అడిగే ముందు సైరన్లు, గాలి దిశ చూపే గుడ్డలు, ఇంటింటికీ శిక్షణ, ఏడాదికి రెండుసార్లు డ్రిల్లు, ఇవన్నీ చేసి చూపించాలి. ఒప్పందం తర్వాత కాదు, ముందు.

ఆగస్టు 27, వినాయక చవితి

బావ పండక్కి ఆలస్యంగా వచ్చాడు. పొద్దున సొసైటీ దగ్గర యూరియా క్యూలో నిలబడి వచ్చాడట. ఈ ఖరీఫ్‌లో రెండు రాష్ట్రాల్లోనూ ఇదే గోల. టీవీలో చూపిస్తున్నారు, పాసుపుస్తకాలూ చెప్పులూ వరసలో పెట్టి రైతులు చెట్టు కింద కూర్చున్నారు.

నేను చేస్తున్న పని చెప్పాను. బావ పత్రి కోస్తూ విన్నాడు. "అమోనియా అంటే యూరియా చేసేదే కదా?" అన్నాడు. అవునన్నాను. "మరి దాన్ని కాల్చేయడమేంటి బావా?"

నిజానికి ఇందులో ఒక మెలిక ఉంది. యూరియాకు అమోనియాతోపాటు కార్బన్ డయాక్సైడ్ కూడా కావాలి. గ్యాస్‌తో నడిచే ఫ్యాక్టరీలో అది పక్కనే పుడుతుంది. గాలి, నీరు, సౌరవిద్యుత్తుతో చేసే గ్రీన్ అమోనియా ప్లాంటులో పుట్టదు. కాబట్టి గ్రీన్ అమోనియా సులువుగా కలిసిపోయేది డీఏపీ, కాంప్లెక్స్ ఎరువుల్లో. వాటి కోసం మన దేశం ఏటా 20 లక్షల టన్నులకు పైగా అమోనియా దిగుమతి చేసుకుంటోంది. ఇదంతా చెప్పాను. చెప్పాక కూడా బావ ప్రశ్న అలాగే నిలబడి ఉంది.

ఆగస్టు 30, శనివారం

లెక్కలు పూర్తయ్యాయి. ఎన్నిసార్లు తిప్పి చూసినా అవే వస్తున్నాయి.

కిలో గ్రీన్ అమోనియా చేయడానికి సుమారు 10 యూనిట్ల కరెంటు పడుతుంది. ఎక్కువ భాగం నీటిని విడగొట్టడానికే. ఆ కిలోలో ఉన్న వేడి 5.17 యూనిట్లు. కంబైన్డ్ సైకిల్‌లో సగం రాబట్టినా 2.6 యూనిట్లు. పది పెడితే రెండున్నర తిరిగొస్తుంది. పిన్నాపురంలో నీళ్లు పైకి ఎక్కించి దించే ప్లాంటులోనైతే పదికి ఏడెనిమిది వస్తాయి. బ్యాటరీలో అంతకంటే ఎక్కువ.

ధర: జులై నుంచి ఎరువుల ఫ్యాక్టరీల కోసం కేంద్రం తరఫున సౌరవిద్యుత్ సంస్థ సెకి గ్రీన్ అమోనియా వేలాలు వేస్తోంది. మొదటిదాంట్లో కిలో 55.75 రూపాయలు పలికింది. ఇంతకుముందు అనుకున్న ధరలతో చూస్తే ఎంతో తక్కువ, సంతోషించాల్సిందే. కానీ 55 రూపాయలకు కొని కాలిస్తే యూనిట్‌కు ఇంధనం ఖర్చే 21 రూపాయలు. సౌరవిద్యుత్తు బ్యాటరీతో కలిపి నాలుగు రూపాయల లోపు టెండర్లలో దొరుకుతోంది. ఈ తేడా ఏ సబ్సిడీతో పూడుస్తారు?

కాకినాడలో నాగార్జున ఫెర్టిలైజర్స్ ఆవరణలో ఏఎం గ్రీన్ వాళ్లు తలపెట్టిన ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 10 లక్షల టన్నులు. పెట్టుబడికి తుది నిర్ణయం 2024 ఆగస్టులో జరిగింది. అది పూర్తిగా మా టర్బైన్ల కోసమే అనుకున్నా, ఏడాదంతా నడిచేది 300 మెగావాట్ల లోపే. అంత పెద్ద ఫ్యాక్టరీ, అన్ని వేల ఎకరాల సౌరఫలకాలు, చివరికి ఒక మధ్యతరహా ప్లాంటుకు సరిపోయే ఇంధనం! అదే 10 లక్షల టన్నులు ఎరువులకు పోతే దేశపు అమోనియా దిగుమతిలో సగానికి దగ్గరగా తగ్గుతుంది. ఇప్పుడు గ్యాస్‌తో చేసే ప్రతి టన్ను అమోనియాకు రెండు టన్నులకు కాస్త తక్కువగా కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తోంది. ఆ పొగ తగ్గించడానికి ఏ కంబస్టరూ కనిపెట్టక్కర్లేదు, ఫ్యాక్టరీ గేటు దగ్గర సరుకు మారిస్తే చాలు.

మరి టర్బైన్‌కు చోటే లేదా? ఉంది. వర్షాకాలంలో వారం పదిరోజులు మబ్బు వీడక, గాలీ ఆడక, జలాశయాలూ నిండని సంవత్సరం ఒకటి వస్తుంది. బ్యాటరీ నాలుగు గంటలు ఆదుకుంటుంది, పదిరోజులు కాదు. అలాంటప్పుడు ట్యాంకులో నెలల తరబడి చెడకుండా ఉండే ఇంధనం, పిలవగానే లేచే యంత్రం విలువైనవే. యూనిట్ 21 రూపాయలైనా ఏడాదిలో కొద్దిరోజులకు భరించవచ్చు. ఆ రోజు రావాలంటే ముందు సౌర, పవన విద్యుత్తు ఇప్పటికంటే ఎన్నో రెట్లు పెరగాలి. ఇవాళ మన థర్మల్ ప్లాంట్లు బొగ్గు మీద నడుస్తుంటే, బొగ్గు కరెంటు కలిసిన గ్రిడ్‌తో అమోనియా చేసి, దాన్ని కాల్చి గ్రీన్ కరెంటు అనడం జనాన్ని మోసం చేయడమే.

ఆగస్టు 31, ఆదివారం

నోట్ రాసి పంపేశాను. హాల్లోకి వెళ్లి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాకే పంపాను. దీన్ని మళ్లీ పూర్తి లోడులో చూడాలన్న కోరిక నాకెంతుందో నాతో పనిచేసినవాళ్లందరికీ తెలుసు. అయినా నేను రాసింది ఇది:

అమోనియాతో మన యూనిట్ సాంకేతికంగా నడుస్తుంది. రోజువారీ కరెంటు కోసం నడపవద్దు. రాష్ట్రంలో తయారయ్యే గ్రీన్ అమోనియాలో మొదటి వంతు ఎరువుల ఫ్యాక్టరీలకు, తర్వాత ఓడలకు ఇంధనంగా. కరెంటు ప్లాంట్లది చివరి వంతు. ఆ చివరి వంతు వచ్చే నాటికి మనవాళ్లకు పని తెలిసి ఉండాలి కాబట్టి, ఒకటి రెండు మెగావాట్ల చిన్న యంత్రం ఒకటి పెట్టి నేర్చుకుందాం. మన ఇంజినీర్లను యోకోహామా పంపండి, ఇక్కడి ఐస్ ఫ్యాక్టరీల ఆపరేటర్లను శిక్షకులుగా పిలవండి. పెద్ద యంత్రానికి షాఫ్టు తిప్పడం ఆపవద్దు, ఆ ఖర్చు తక్కువే. చుట్టుపక్కల ఊళ్లలో డ్రిల్లు జరిగేదాకా ఆవరణలోకి ఒక్క ట్యాంకరు కూడా రాకూడదు.

చివరగా, ఎక్కడ ఎవరు అమోనియా టర్బైన్ పెట్టినా చిమ్నీలో నైట్రస్ ఆక్సైడ్ మీటరు పెట్టించి, ఆ అంకెను గేటు బయట బోర్డు మీద రోజూ రాయించండి. ఆ బోర్డు లేని ప్లాంటుకు గ్రీన్ సర్టిఫికెట్ ఇవ్వకండి.